రేగడిలో మొలిచే ఎముకలు

లాంగ్‌రీచ్ ఊరు వెనకబడిన కాసేపటికి రోడ్డుకు రెండు వైపులా నేల నల్లబడింది. చెట్టూ చేమా పలచబడి, మోకాలెత్తు ఎండుగడ్డి తప్ప మరేమీ లేని మైదానం ఆకాశం అంచుదాకా పరుచుకుంది. మేనల్లుణ్ణి కారాపమన్నాను. దిగి గడ్డిలోకి నాలుగడుగులు వేశానో లేదో, కాళ్ల కింద నెర్రెలు కనిపించాయి. ఒక నెర్రెలో చెయ్యి పెడితే మోచేతి దాకా దూరిపోయింది. పిడికెడు మట్టి తీసి నలిపాను. గట్టి గడ్డ పొడిపొడిగా విడిపోయి అరచేతికి నల్లగా అంటుకుంది.

"ఇది మన రేగడేరా" అన్నాను.

"ఇంత దూరమొచ్చి మట్టి చూస్తున్నవా మామా" అని నవ్వాడు వాడు. బ్రిస్బేన్‌లో ఉద్యోగం వాడికి. అక్కడి నుంచి మేం వెళ్తున్న వింటన్ దాదాపు 1,350 కిలోమీటర్లు. మొదటి రోజు పొద్దుగూకేదాకా నడిపి టాంబో అనే చిన్న ఊళ్లో పడుకున్నాం. రెండో రోజు దారి పొడవునా రోడ్డుపక్కన చచ్చిపడిన కంగారూలు, వాటి మీద వాలిన గద్దలు. ఎదురుగా మూడేసి ట్రెయిలర్లు తగిలించుకుని, యాభై మీటర్లకు పైగా పొడవున్న లారీలు వస్తుంటే కారు పక్కకు ఊగేది. వాటిని రోడ్ ట్రెయిన్లు అంటారు. ఇంత దూరం వెళ్తున్నది ఎముకలు తవ్వడానికి. తవ్వకం వారానికి నెలల ముందే ఇద్దరి పేర్లూ రాయించాను.

ఆ కోరికకు మూలం చెన్నూరులో ఉంది. అక్కడ పాతికేళ్లు సైన్సు చెప్పాను. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని హైదరాబాద్ తీసుకెళ్లి బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ముందు నిలబెట్టాను. 1970ల చివర్లో జియలాజికల్ సర్వే వాళ్లు మన పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన ఎముకలివి. కనీసం పన్నెండు జంతువులవి, 840 ఎముకలు దొరికాయి. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టారు. ప్రాణహిత ఒడ్డున, సిరోంచ వైపున్న కోట గ్రామం పేరు అక్కడి రాతిపొరలకు వచ్చింది. రాతిపొరల పేరు జంతువుకు వచ్చింది. ఇదంతా పిల్లలకు చెప్పాను. ఫొటోలయ్యాక అందరూ తారామండలం వైపు పరిగెత్తారు. ఒక్క పిల్లాడు మాత్రం కదల్లేదు. వాడి అమ్మమ్మది యామన్‌పల్లి. తిరుగు బస్సులో నా పక్కకొచ్చి కూర్చుని అడిగాడు: "సార్, మా అమ్మమ్మ ఊళ్లె ఇంక ఏమన్న ఉన్నయా? ఇప్పుడు ఎవరు చూస్తున్నరు?"

మొదటి ప్రశ్నకు ఉండొచ్చని చెప్పాను. రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ రెండోది పట్టుకునే వింటన్ వచ్చాను.

*

వింటన్ వెయ్యిమంది కూడా లేని ఊరు. ఒకే ఒక్క పెద్ద వీధి, దాని మధ్యలో చెట్లు, రెండు పక్కలా వెడల్పాటి వసారాల హోటళ్లు. ఆస్ట్రేలియావాళ్లు జాతీయగీతంతో సమానంగా పాడుకునే 'వాల్ట్‌జింగ్ మటిల్డా' పాటను 1895లో మొదటిసారి జనం ముందు పాడింది ఇక్కడే అంటారు. క్వాంటాస్ విమాన సంస్థ 1920లో పుట్టిందీ ఈ ఊళ్లోనే. వీటన్నిటికంటే ముందు ఇది కోవా అనే ఆదివాసుల నేల. చుట్టూ గొర్రెలు, పశువులు మేపుకునే పొలాలు. ఒక్కో పొలం మన మండలమంత ఉంటుంది.

అలాంటి ఒక పొలం బెల్మాంట్. దాని యజమాని డేవిడ్ ఎలియట్ 1999లో గొర్రెలను తోలుకొస్తుండగా నేలమీద ఓ వింత రాయి కనిపించింది. ఆయన ఆగాడు. అది డైనోసార్ తొడ ఎముక ముక్క. క్వీన్స్‌లాండ్ మ్యూజియం శాస్త్రవేత్తలు వచ్చారు, 2001లో తవ్వకం జరిగింది. ఆ తర్వాత ఎలియట్ దంపతులు చేసిన పనే నాకు ముఖ్యమనిపిస్తుంది. ఎముకల్ని అప్పగించి మళ్లీ గొర్రెల పనిలో పడిపోలేదు. 2002లో ఇరుగుపొరుగుతో కలిసి లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు. ఆస్ట్రేలియన్ ఏజ్ ఆఫ్ డైనోసార్స్ అని పేరు పెట్టుకున్నారు. తమ పొలంలోని రేకుల షెడ్డులోనే బల్లలు వేసి, రాయిలో ఇరుక్కున్న ఎముకల్ని శుభ్రం చేయడం మొదలుపెట్టారు. పని నేర్చుకున్నవాళ్లు ఇంకొకరికి నేర్పారు.

2006లో ఊరికి 24 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక బల్లపరుపు గుట్టను, దాని చుట్టూ ఉన్న నేలను, అక్కడి రైతు కుటుంబం విరాళంగా ఇచ్చింది. మైదానం మీంచి నిట్టనిలువుగా లేచే ఆ గుట్టను జంప్-అప్ అంటారు. దానిమీద మొదట కట్టింది ప్రదర్శనశాల కాదు, పని గది. ఎముకలు శుభ్రం చేసే ప్రయోగశాల 2009లో తయారైంది. సందర్శకులను ఆహ్వానించే పెద్ద భవనం 2012లో వచ్చింది. మనవైపు ఏదైనా సంస్థ పెడితే ముందు కమాను కడతాం, శిలాఫలకం వేస్తాం, పని తర్వాత చూసుకుంటాం. వీళ్లు కమాను సంగతి ఆఖరున చూసుకున్నారు.

ఆ 2009 జూలైలోనే మూడు కొత్త డైనోసార్ల పేర్లు లోకానికి వెల్లడయ్యాయి. స్కాట్ హాక్‌నల్ బృందం రాసిన పరిశోధన పత్రంలో వాటికి పొడుగాటి లాటిన్ పేర్లున్నాయి. ఊళ్లో మాత్రం వాటిని బాంజో, మటిల్డా, క్లాన్సీ అంటారు. 'వాల్ట్‌జింగ్ మటిల్డా' రాసిన కవి బాంజో పాటర్‌సన్. మిగతా రెండు పేర్లూ ఆయన రాతల్లోవే. బాంజో పదునైన గోళ్లున్న మాంసాహారి. మటిల్డా పొడుగు మెడ శాకాహారి. ఒక పాతకాలపు మడుగు అడుగున రెండూ ఒకేచోట దొరికాయి. హోటల్లో భోజనం వడ్డించినావిడ "మటిల్డాను చూశారా?" అని అడిగినప్పుడు, ఆవిడ పక్కింటి మనిషి గురించి అడుగుతోందనుకున్నాను.

*

తవ్వకం గుట్టమీద కాదు, దూరంగా ఒక పొలంలో. ఎక్కడో బయట చెప్పవద్దని మొదటి రోజే కోరారు, చెప్పను. అక్కడ చలికాలం మన వానాకాలంలో వస్తుంది. పొద్దున వణికించే చలి, పది దాటితే ముఖం మీద ముసిరే ఈగలు.

రేగడి గుట్టు నాకు ఆ పొలంలోనే తెలిసింది. వాన పడితే రేగడి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. పైమట్టి పెళ్లలు నెర్రెల్లోకి రాలతాయి. మళ్లీ వానకు కింది మట్టి ఉబ్బి పైకి తోస్తుంది. ఏళ్ల తరబడి ఇలా తిరగబడే మట్టి, లోపలి గట్టి వస్తువుల్ని మెల్లమెల్లగా పైకి నెట్టేస్తుంది. మా నాయన ఏటా దుక్కికి ముందు చేన్లో రాళ్లేరి గట్టున పోసేవాడు. "ఏటా ఏరుతం, ఏటా మొలుస్తయి" అనేవాడు. వింటన్ రేగడిలో అలాగే ఎముకలు మొలుస్తాయి. పైన కనబడే ముక్కలు ఎండకు వానకు చితికిపోయినవి. వాటిని ఆనవాలుగా పెట్టుకుని రేగడి కిందికి వెళ్తే, కదలని పాత పొరలో మిగతా జంతువు దొరికే అవకాశం ఉంది. ఇక్కడి పొర తొమ్మిదిన్నర కోట్ల ఏళ్ల నాటిది.

జేసీబీ ముందే పైనున్న నల్లమట్టిని మీటరుకు పైగా తీసి పక్కన పోసింది. గుంటలో లేత బూడిద రంగు బంకమట్టి తేలింది. దాని చుట్టూ మేం మోకాళ్ల కింద మెత్తలు వేసుకుని కూర్చున్నాం. చేతిలో స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, పెయింటు బ్రష్, పక్కన మట్టి ఎత్తిపోసే బకెట్టు. వేలెడు మట్టి గీకడం, ఊడ్చడం, చూడడం. మళ్లీ గీకడం. రంగు మారినా, స్క్రూడ్రైవరు చప్పుడు మారినా చెయ్యి ఆపాలి. నాకు ఎడమవైపు టాస్మేనియా నుంచి వచ్చిన రిటైర్డ్ నర్సు, కుడివైపు ట్రాక్టర్ మెకానిక్, ఎదురుగా కాలేజీ అమ్మాయి. చాలామంది ప్రతి ఏడూ సొంత డబ్బు కట్టి వస్తున్నవాళ్లే. తవ్వకాల ఖర్చులో కొంత ఆ డబ్బుతోనే గడుస్తుంది. పదిన్నరకు టీ విరామం. దాన్ని వాళ్లు స్మోకో అంటారు. పెద్ద కెటిల్‌లో మరిగిన టీ, బిస్కెట్లు. నర్సు నా మోచేతులకు కట్టుకోమని రెండు గుడ్డ పట్టీలు ఇచ్చింది. "రెండో రోజుకు అడుగుతావు, ఇప్పుడే తీసుకో" అంది. రెండో రోజు మధ్యాహ్నానికే కట్టుకున్నాను.

మూడో రోజు నా స్క్రూడ్రైవరు మొన దగ్గర గోధుమ రంగు తళుకు కనిపించింది. వేరు ముక్క అనుకున్నాను. బ్రష్‌తో ఊడ్చి, నోటితో ఊదాను. బొటనవేలి గోరంత ముక్క. దాని విరిగిన అంచులో సన్నటి గదులున్నాయి, తేనెపట్టును పొడవునా చీల్చినట్టు. రాయికి అలాంటి గదులుండవు. చెయ్యెత్తాను. పర్యవేక్షకురాలు వచ్చి పక్కన పడుకుని, భూతద్దంలో చూసి తలాడించింది. దానిమీద పలచటి జిగురు రెండు చుక్కలు వేసింది. అది ఏ మూల, ఎంత లోతులో ఉందో గళ్ల కాగితం మీద గుర్తు పెట్టి, సంచిలో వేసి నంబరు రాసింది. ఏ ఎముకలో ముక్కో చెప్పలేమంది. "అయినా నంబరుందిగా, ఇక పోదు" అంది.

మేనల్లుడి వైపు పక్కటెముక ఒకటి మూరెడు పొడవున బయటపడింది. దాన్ని లేపడం చూడాల్సిన పని. చుట్టూ మట్టి తీసేసి, ఎముకను మట్టి దిమ్మె మీద పుట్టగొడుగులా నిలబెడతారు. తడి కాగితం పొరలు పరుస్తారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనెపట్టీలు చుడతారు. ఆరాక కింద దిమ్మెను తొలిచి, నలుగురు పట్టి ఒక్కసారిగా తిప్పుతారు. "పుత్తూరు కట్టు వేసినట్టుంది మామా" అన్నాడు వాడు. నిజమే. విరిగినదాన్ని కదలకుండా పట్టి ఉంచాలనే మెలకువ ఒక్కటే. కట్టు మీద సైటు పేరు, సంవత్సరం, నంబరు రాసి ట్రక్కులో ఎక్కించారు. ఆ సాయంత్రం చుట్టూ పది మంది కూర్చుని, బయటికి వెళ్తున్న బిడ్డను సాగనంపినట్టు ఆ ట్రక్కు దుమ్ము కనుమరుగయ్యేదాకా చూశాం.

*

ట్రక్కు వెళ్లింది గుట్టమీది పని గదికి. ఆ గది గోడ పొడవునా అరలు. అరల్లో తెల్లటి ప్లాస్టర్ కట్లు, ఒక్కోదాని మీద తవ్విన సంవత్సరం. కొన్నింటి సిరా వెలిసిపోయింది. అయినా ఇంకా విప్పలేదు. ఎందుకంటే వింటన్ ఎముకల్లో చాలావాటి చుట్టూ ఇనుము కలిసిన గట్టి రాయి పేరుకుని ఉంటుంది. ఒక్క ఎముక బయటపడడానికి నెలలు పట్టొచ్చు. 2005లో ఎలియట్‌కే దొరికిన ఒక పొడుగుమెడ జంతువును తవ్వి తీస్తే, రాళ్లతో సహా పదిహేడు పెద్ద చెక్క పీటలు నిండాయి. శుభ్రం చేయడానికి పదేళ్లు పట్టింది. 2016లో దానికి సవన్నాసారస్ ఎలియట్టోరం అని పేరొచ్చింది. మొదటి ఎముక కనుగొన్న కుటుంబం పేరు అందులో నిలిచింది.

ఆ పదేళ్లు బల్లల దగ్గర కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది స్వచ్ఛంద సేవకులే. పది రోజులు శిక్షణ తీసుకుంటే ఎవరైనా గౌరవ సాంకేతిక నిపుణులు కావచ్చు. చదువుతో పని లేదు, ఓపిక ఉంటే చాలు. నాకు ఒక పూట కూర్చునే వీలు దొరికింది. గాలి ఒత్తిడితో నడిచే పెన్నులాంటి పరికరం ఇచ్చారు. దాని సూదిమొన సెకనుకు వందల సార్లు కొట్టుకుంటుంది. పళ్ల డాక్టరు దగ్గర వినే చప్పుడే. భూతద్దం కింద రాయి ముదురు ఎరుపు, ఎముక పాలకోవా రంగు. రెండింటి మధ్య వెంట్రుక వాసి సందు. ఆ సందు వెంట మొనను నడిపిస్తే రాయి చిన్న పెచ్చులుగా లేస్తుంది. మొన అటు జారితే కోట్ల ఏళ్లు చెక్కుచెదరని ఎముక మీద గీత పడుతుంది. ఊపిరి బిగబట్టి చేశాను. నాలుగు గంటల్లో అగ్గిపెట్టె మేర ఎముక బయటపడింది. పరికరం కింద పెట్టాక కూడా వేళ్లు జుమ్ముమంటూనే ఉన్నాయి.

నా పక్క బల్ల పెద్దాయనను ఇంత నెమ్మది పని విసుగనిపించదా అని అడిగాను. ఆయన జూడీ కథ చెప్పాడు. జూడీ అంటే 2017లో తవ్విన చిన్న వయసు డయమంటినాసారస్, మటిల్డా జాతిదే. ఎలియట్ భార్య జూడీ పేరు పెట్టారు. చర్మపు ఆనవాళ్ల పక్కన వింతగా పగిలిన ఒక రాతిపొర కనిపించింది. తొందరపడేవాళ్లయితే ఎముక కోసం ఆ రాయిని గీకి పారేసేవాళ్లు. వీళ్లు ఆగారు. అందులో ఆకులున్నాయి, ఆ జంతువు కడుపులోని ఆఖరి భోజనం. పొడుగుమెడ డైనోసార్ కడుపులో ఏముందో నేరుగా చూపించిన తొలి సాక్ష్యం అదే. 2025లో ఆ పరిశోధన వెలువడింది. ఆకులు పెద్దగా నమలకుండా మింగినవి. శంకువులు కాసే చెట్ల నుంచి పూలమొక్కల దాకా అందినవన్నీ మేసింది. "మేమిక్కడ కూర్చోకపోతే అది చెత్తకుప్పలో ఉండేది" అన్నాడు పెద్దాయన, దీపం సర్దుకుంటూ.

గుట్టమీద మరో కొత్త భవనంలో పొడుగుమెడ జంతువులు బురదలో నడిచిన 54 మీటర్ల అడుగుజాడల బాట ఉంది. ఒక పొలంలో వాగు పక్కన బయటపడితే, వరదకు కొట్టుకుపోతుందని, మూడేళ్లు కష్టపడి రాయిని ముక్కలుగా లేపి, వందల టన్నులు మోసుకొచ్చి, మళ్లీ అదే వరసలో పేర్చారు. 2021లో తెరిచారు. గంగాళమంత అడుగుల మధ్య తాబేళ్లు, మొసళ్లు ఈదిన గీతలు కూడా ఉన్నాయి. ఆ బాట పక్కన నడుస్తుంటే ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

చివరి రాత్రి గుట్ట అంచున నక్షత్రాలు చూపించారు. చుట్టుపక్కల దీపం లేని చీకటి. ఆస్ట్రేలియాలో తొలి అంతర్జాతీయ చీకటి ఆకాశ అభయారణ్యంగా 2019లో గుర్తింపు పొందిన చోటు అది. అక్కడి నక్షత్రశాల పేరు చదివి ఉలిక్కిపడ్డాను: గోండ్వానా స్టార్స్. గోండ్వానా అంటే మన గోండుల నేల. ఆ పేరు మా ఆదిలాబాద్ అడవులదీ, సాత్పురా కొండలదీ. దక్షిణార్ధగోళంలోని భూములన్నీ ఒకటిగా ఉన్న కాలపు మహాఖండానికి భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పేరే ఇచ్చారు. యామన్‌పల్లిలో కోటాసారస్ మేత మేసిన రోజుల్లో భారతదేశం, ఆస్ట్రేలియా ఒకే నేలలో భాగాలు. సముద్రం దాటి వచ్చాననుకున్నాను. మా నేల పేరు నాకంటే ముందే వచ్చి ఇక్కడ కూర్చుంది.

*

యామన్‌పల్లి ఎముకలు హైదరాబాద్ వెళ్లడంలో తప్పేమీ లేదు. ఆ ఎండల్లో, అడవి దారుల్లో వాటిని తవ్వి, మోసి, నిలబెట్టినవాళ్ల శ్రమ వల్లనే లక్షలమంది పిల్లలు చూడగలిగారు. ప్రాణహిత లోయలో అంతకుముందే దొరికిన బారాపాసారస్ కూడా కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబడి ఉంది. అవతలి ఒడ్డున సిరోంచ దగ్గర వడధంలో మహారాష్ట్ర అటవీశాఖ ఫాసిల్ పార్కు నడుపుతోంది. తవ్వకం నిపుణుల పని, అనుమతులతో జరగాల్సిన పని. కానీ దున్నుతూ, మేకల్ని కాస్తూ, రోజూ ఆ నేలను చూసే కళ్లు ఊరివాళ్లవి. వింతరాయి కనబడితే ఆగడం, తీయకుండా చోటు గుర్తుపెట్టడం, కబురు చేయడం ఊరి పని. వింటన్‌లో మ్యూజియం మొదలైంది ఆ ఆగడంతోనే. తర్వాత ఒక షెడ్డు, ఒక బల్ల, ఒక దీపం. భవనం వచ్చేసరికి పదమూడేళ్లు గడిచాయి, అప్పటికి దాన్ని నింపే ఎముకలూ, చూసుకునే మనుషులూ సిద్ధంగా ఉన్నారు.

బస్సులో ప్రశ్న అడిగిన పిల్లాడు ఇప్పుడు సింగరేణిలో పని చేస్తున్నాడు. బొగ్గుపొర ఎక్కడ ఆగి ఇసుకరాయి మొదలవుతుందో చీకట్లో చప్పుడును బట్టి చెప్పగలడు. ఇంటికొచ్చిన మర్నాడే ఫోన్ చేశాను. తేనెపట్టు లాంటి గదుల గురించి, నంబర్ల గురించి, ప్లాస్టర్ కట్ల గురించి గంటసేపు చెప్పాను. బడిలో ఒక బల్ల వేసి, పిల్లలకు రాయికీ ఎముకకూ తేడా చూపించడంతో మొదలుపెడదామన్నాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"బడి ఆదివారం మూస్తరు సార్" అన్నాడు. "అమ్మమ్మ చేనుకాడ చింతచెట్టుంది. నీడ మంచిగుంటది. బల్ల అక్కడ వేద్దాం."